మైక్రోస్కోపు కన్నా ముందు మురుగు గొట్టం

మన బళ్లలో ప్రయోగశాల మాట వచ్చినప్పుడల్లా చందాల పుస్తకంలో మొదట పడే పద్దు మైక్రోస్కోపులది. పూర్వ విద్యార్థి ఒకరు నాలుగు ఇస్తానంటారు. ఊళ్లో వ్యాపారం చేసుకునే పెద్దమనిషి మరో ఆరు ఇస్తానంటారు. గదికి రంగు వేస్తారు, బల్లలు వస్తాయి, గోడకు దాతల పేర్ల పలక ఎక్కుతుంది, రిబ్బను కత్తిరిస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ గదికి తాళం పడుతుంది. కారణం అడిగితే కుళాయికి నీళ్లు రావంటారు, సింకులోంచి నీళ్లు పోవంటారు, ప్లగ్గు ముట్టుకుంటే జిల్లుమంటుందంటారు, ఏ ప్రయోగం చేసినా గది నిండా ఘాటు నిలిచిపోతుందంటారు. పరికరాలు మాత్రం బీరువాలో భద్రంగా ఉంటాయి.

ఇది ఏ ఒక్క బడి కథో కాదు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, సోలాపూర్‌లో తెలుగు బళ్లు నడిపే కమిటీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే చిక్కే. ల్యాబ్ ఖర్చులో అసలు భాగం పరికరాలది కాదు. గోడ లోపల, నేల కింద, కప్పు దగ్గర ఉండే నీటిది, మురుగుదీ, గాలిదీ, కరెంటుదీ. ఆ నాలుగూ సరిగా లేని గదిలో ఎంత మంచి పరికరం పెట్టినా అది అలంకారమే. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ముందు ఆ నాలుగింటికీ పోవాలి, పరికరాలకు తర్వాత. ఈ మాట పట్టుకుని కమిటీ సమావేశాల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గట్టిగా నిలబడాలని నా విన్నపం.

దీనికి ఇంత పట్టుదల ఎందుకంటే, మన బడికి ఇది బతుకు ప్రశ్న. ఐదో తరగతి దాకా తెలుగులో చదివించిన తల్లిదండ్రులే ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి 'అక్కడ ల్యాబ్ ఉందట' అని పిల్లల్ని పక్క బడికి మారుస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. సీబీఎస్ఈలో పన్నెండో తరగతి జీవశాస్త్రానికి 100 మార్కుల్లో 30 ప్రాక్టికల్‌కే. కర్ణాటక, మహారాష్ట్ర బోర్డుల్లోనూ అంతే. తమిళనాడులో 20. ఆ మార్కులు చేతితో చేసి చూసినవాడికి సులువు, నోట్సు చూసి బట్టీ పట్టినవాడికి గండం. పై తరగతుల్లో పిల్లలు తగ్గితే ఆ విభాగం నిలవదు. విభాగం పోతే తెలుగు ఉపాధ్యాయుడి పోస్టూ నిలవదు. భాష కోసం పెట్టిన బడి సైన్సు గది లేక పలచబడిపోవడం కన్నా విచారకరమైనది ఏముంటుంది?

పెద్ద ల్యాబుల నుంచి నేర్వవలసింది

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో గానీ బెంగళూరులో గానీ జీవశాస్త్ర పరిశోధన కోసం ఒక ఖాళీ అంతస్తును ల్యాబ్‌గా మార్చాలంటే మామూలు ఆఫీసుకయ్యే దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కారణం ఖరీదైన పరికరాలు మాత్రమే కాదు. ఆఫీసులో ఏసీ చల్లబరచిన గాలినే తిప్పి తిప్పి వాడుకుంటుంది. రసాయనాలతో, సూక్ష్మజీవులతో పనిచేసే గదిలో అలా కుదరదు. గంటకు ఆరు నుంచి పన్నెండు సార్లు గదిలోని గాలిని మార్చడం అక్కడ పరిపాటి. బయటికి పోయిన చల్లగాలి స్థానంలో కొత్త గాలిని మళ్లీ చల్లబరచాలి. దానికి పెద్ద యంత్రాలు, వాటికి డక్టులు, వాటన్నిటికీ కరెంటు, కరెంటు పోతే జనరేటరు. ఇంకా ముందుకు వెళ్లి 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపే హెపా ఫిల్టర్లు పెట్టాలంటే ఖర్చు మరో మెట్టు ఎక్కుతుంది.

బడికి అవేవీ అక్కర్లేదు. ఉల్లి వేరు కొనలో కణవిభజన చూడటానికి, పుప్పొడి మొలకెత్తడం చూడటానికి, పాలకూర నుంచి డీఎన్ఏ తీయడానికి ఏసీ గది ఎందుకు? సూత్రం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. నీరు, గాలి, కరెంటు ఎలా వచ్చి ఎలా పోతాయో ముందు తేల్చుకుని ఆ తర్వాతే బల్లల సంగతి చూస్తారు. కోట్లు పెట్టేవాళ్లే ఆ వరస తప్పరు. లక్షల్లో సర్దుకోవలసిన మనం ఎందుకు తప్పాలి?

గది ఎంపికలోనే ఆదా

సీబీఎస్ఈ అనుబంధ నిబంధనల్లో ల్యాబ్‌కు కనీసం 600 చదరపు అడుగులు అడుగుతారు. రాష్ట్ర బోర్డులో ఉన్న బడికీ అది మంచి కొలతే. కొత్త గది కట్టే స్తోమత లేకపోతే ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. అక్కడే చాలా కమిటీలు పొరబడతాయి. ఎవరికీ అక్కర్లేని పై అంతస్తు మూల గదిని ల్యాబ్‌కు ఇస్తారు. అక్కడికి నీళ్లెక్కించాలి, అక్కడి నుంచి మురుగు దింపాలి, కింది తరగతి కప్పు చెమ్మగిల్లకుండా చూడాలి. అదే కింది అంతస్తులో, నీళ్ల ట్యాంకుకూ మరుగుదొడ్ల వరసకూ దగ్గరగా ఉన్న గదైతే గొట్టాల పొడవు తగ్గుతుంది. గొట్టం పొడవు తగ్గితే పగలగొట్టే గోడ, తవ్వే నేల, పెట్టే కూలి అన్నీ తగ్గుతాయి. ప్రమాదం జరిగితే పిల్లలు బయటపడటమూ సులువు.

నాలుగంగుళాల మురుగు గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలన్నది ప్లంబర్లకు తెలిసిన పాత లెక్క. ఆ వాలు దొరకని గదిని ఎంత అందంగా తీర్చిదిద్దినా లాభం లేదు.

కడప రాయి ఎక్కడ ఉండాలి?

చవకగా వస్తుందని ల్యాబ్ బల్లల మీద నల్లని కడప రాయి పరిపించే అలవాటు దక్షిణాదిన చాలా బళ్లలో ఉంది. వంటింటి గట్టుకు అది బాగానే ఉంటుంది. కానీ కడప రాయి సున్నపురాయి జాతిది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే నురగ వస్తుంది, రాయి తినేసుకుపోతుంది. ఏడాది తిరగకుండా బల్ల గుంతలు పడుతుంది. అదే గ్రానైటు ఆ ఆమ్లానికి తట్టుకుంటుంది. హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్లకు గ్రానైటు పక్కనే దొరుకుతుంది. పాలిషు చేసే చోట మిగిలిపోయిన పలకలు అడిగితే ధర ఇంకా తగ్గుతుంది.

మరి కడప రాయికి ల్యాబ్‌లో చోటే లేదా? ఉంది, మురుగు గుంటలో. సింకుల నుంచి వచ్చే నీళ్లు కాలువలో కలిసే ముందు ఒక చిన్న గుంటలో నిలిచేలా చేసి, అందులో సున్నపురాయి ముక్కలు వేస్తే ఆమ్లం అక్కడే విరిగిపోతుంది. ముక్కలు అరిగిపోయినప్పుడు కొత్తవి వేస్తే సరి. బల్ల మీద ఏ గుణం నష్టం చేసిందో గుంటలో అదే గుణం మేలు చేస్తుంది. రసాయన శాస్త్రం మాస్టారు పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

సింకుల విషయమూ ఇలాంటిదే. మెరిసే స్టీలు సింకును ఆమ్లం మచ్చలు చేసి తినేస్తుంది. పాలీప్రొపిలీన్ సింకు చూపుకు సాదాగా ఉన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. పాత ఇనప మురుగు గొట్టాలుంటే వాటికి కలపవద్దు.

గాలి, కరెంటు, గ్యాసు

600 చదరపు అడుగుల గదికి పదడుగుల ఎత్తు ఉంటే లోపల 6,000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. గంటకు ఆరుసార్లు మారాలంటే నిమిషానికి 600 ఘనపుటడుగులు బయటికి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఎంత గాలి లాగుతుందో దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. దాన్ని బట్టి రెండు ఫ్యాన్లు కొంటే ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. ఫ్యాన్లను తలుపుకు ఎదురు గోడకు పెట్టాలి. తలుపు పక్కనే పెడితే అవి బయటి గాలినే లాగి బయటికి తోస్తాయి, గది మూలల్లో ఘాటు అలాగే ఉంటుంది.

కరెంటు పనిలో పొదుపు వద్దు. తడి చేతుల గదిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. లీకేజీ కరెంటు వస్తే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. సరైన ఎర్తింగ్, ల్యాబ్‌కు విడిగా మెయిన్ స్విచ్చి, సింకుకు దూరంగా ప్లగ్గులు, ఇవన్నీ గోడ పూత వేయకముందే జరగాలి. తర్వాత పగలగొట్టించుకుంటే ఖర్చు రెండింతలు.

గ్యాసు సిలిండరు గదిలో ఉండకూడదు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. సిలిండరును బయట గాలి ఆడే జాలీ గూట్లో పెట్టి, రాగి గొట్టంతో లోపలికి తెచ్చి, మాస్టారి బల్ల దగ్గర కట్టేసే వాల్వు పెట్టాలి. గదిలో నేలకు దగ్గరగా గాలి రంధ్రాలుండాలి. ఆ ఏర్పాటు చేయలేకపోతే స్పిరిట్ దీపాలతోనే సరిపెట్టుకోవడం మేలు.

2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు పోయారు. ఆ ఘోరం మీద విచారించిన సుప్రీంకోర్టు 2009లో దేశంలోని బళ్లన్నీ అగ్ని భద్రత పాటించాలని చెప్పింది. బయటికి తెరుచుకునే రెండు తలుపులు, మంటలార్పే సిలిండర్లు, కళ్లు కడుక్కునే కుళాయి ల్యాబ్ ఎస్టిమేటులో మొదటి పేజీలోనే ఉండాలి. కంట్లో ఆమ్లం పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీటితో కడగాలి. అంటే ట్యాంకులో ఎప్పుడూ నీళ్లుండాలి.

ఊరిని బట్టి లెక్క

ఒకే ఎస్టిమేటు అన్ని ఊళ్లకూ పనికిరాదు. సోలాపూర్‌లో కుళాయి నీళ్లు రోజూ రావు, కాబట్టి ల్యాబ్‌కు విడిగా ట్యాంకు కావాలి. కోలారు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుళాయిలు పొక్కు కడతాయి, ఆ నీళ్లతో ద్రావణాలు కలిపితే ఫలితాలు తప్పుతాయి. డిస్టిల్డ్ వాటరు కొనే పద్దు వేరుగా పెట్టుకోవాలి. బరంపురం, యానాం వైపు సముద్రపు చెమ్మకు మైక్రోస్కోపు అద్దాలకు బూజు పడుతుంది. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు గానీ చిన్న బల్బు గానీ పెట్టకపోతే నాలుగు వానాకాలాలకు అద్దాలు మసకబారతాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపానులు చూసిన గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు కిటికీ గొళ్లేల విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ చిన్న ఖర్చులే. ఎస్టిమేటులో లేకపోతే మాత్రం పెద్ద నష్టాలు.

పది లక్షలుంటే

బడి దగ్గర పది లక్షలు ఉన్నాయనుకుందాం. కాంట్రాక్టరు బిల్లు మీద సాధారణంగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. బడి ఫీజుల మీద జీఎస్టీ లేదు కాబట్టి కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు బడికి ఉండదు. అంతా పన్ను పడే పనే అయితే పది లక్షల్లో నికరంగా దొరికే పని సుమారు 8 లక్షల 47 వేలది. కొటేషను చూసేటప్పుడు అది పన్నుతో కలిపా, పన్ను కాకనా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

పన్ను కలిపి ఆ పది లక్షలను నేనైతే ఇలా పంచుతాను. నీరు, మురుగు, కరెంటు, గాలి, అగ్ని భద్రతలకు నాలుగు లక్షలు. బల్లలు, బీరువాలకు రెండు లక్షలు. పరికరాలకు రెండు లక్షలు. పని మధ్యలో బయటపడే అనుకోని ఖర్చులకు ఒక లక్ష. మొదటి ఏళ్ల నిర్వహణకు ఒక లక్ష. పరికరాలకు ఇంత తక్కువా అనేవారికి నా జవాబు ఇది. పరికరం ఈ ఏడు ఐదు, వచ్చే ఏడు ఐదు కొనవచ్చు. గోడలో గొట్టం అలా విడతలుగా వేయలేం.

పరికరాల్లోనూ తగ్గించుకునే చోట్లున్నాయి. ఆటోక్లేవు 121 డిగ్రీల దగ్గర చేసే పనిని ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరు బడి అవసరాలకు చేసి పెడుతుంది. సరఫరాదారులు ఇచ్చే పాత జాబితాల్లో ఇంకా కప్పలను కోసే ట్రేలు, కత్తుల పెట్టెలు కనిపిస్తాయి. బడి పాఠాల్లోంచి ఆ కోతలు ఎప్పుడో పోయాయి. 'ల్యాబ్ ప్యాకేజీ' అని మొత్తంగా కొనకుండా, మీ బోర్డు ఇచ్చిన ప్రయోగాల పట్టీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెడుతూ కొంటే సగం వస్తువులు అక్కర్లేదని తేలుతుంది. ఆ పని చేయాల్సింది కరస్పాండెంటు కాదు, సైన్సు మాస్టారు.

పని అప్పగించేటప్పుడు 'మొత్తం ఇంత' అనే గుత్త ధరకు ఒప్పుకోవద్దు. ఎన్ని అడుగుల గొట్టం, ఎన్ని ప్లగ్గులు, ఎన్ని చదరపు అడుగుల గ్రానైటు అని పద్దులవారీగా రాయించుకోవాలి. ప్రతి రాష్ట్రం ప్రజాపనుల శాఖకూ ధరల పట్టిక ఉంటుంది. ఊళ్లో రిటైరైన మన తెలుగు ఇంజినీరు ఒకరుంటే ఆ పట్టికతో సరిచూసి పెడతారు. బిల్లులో కొంత సొమ్ము ఏడాది పాటు ఆపుకునే షరతు పెడితే మొదటి వానకు కారే చోట కాంట్రాక్టరే వచ్చి బాగుచేస్తాడు. పనులు వేసవి సెలవుల్లో జరగాలంటే ఎస్టిమేటు జనవరికల్లా సిద్ధంగా ఉండాలి.

డబ్బు, ఆ తర్వాత డబ్బు

రాజ్యాంగం 30వ అధికరణం మొదటి భాగం బడి పెట్టుకునే హక్కు ఇచ్చిందని మనందరికీ తెలుసు. రెండో భాగం గురించి తక్కువ మాట్లాడుకుంటాం. సాయం ఇచ్చేటప్పుడు, అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉందన్న కారణంతో ఏ విద్యాసంస్థ మీదా వివక్ష చూపకూడదని అది చెబుతుంది. కాబట్టి ప్రభుత్వ పథకంలో ల్యాబ్ సాయం ఉందని తెలిస్తే అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాకపోతే నోటిమాటతో కాదు. కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో, ఆ రాష్ట్ర భాషలోనే చక్కగా రాసిన అర్జీ, దానికి కొలతలతో ఎస్టిమేటు జతచేయాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు వెళ్లినా అదే ఎస్టిమేటు అడుగుతారు. 80జీ మినహాయింపు కోరే దాతకు రెండు వేలకు మించిన నగదు చందా పనికిరాదు కాబట్టి చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోవాలి.

దాతలకు ఒక మాట. మురుగు గొట్టం మీద పేరు చెక్కించుకోవాలని ఎవరికీ ఉండదు, అది సహజం. కమిటీ కూడా పరికరానికో పేరు చొప్పున పలకలు అమ్మడం మాని, గది మొత్తానికి దాతలందరి పేర్లూ ఒకే పలక మీద రాయాలి. అప్పుడు ఏ రూపాయి ఎక్కడ అవసరమో అక్కడ పెట్టే స్వేచ్ఛ ఉంటుంది. లెక్కలు నోటీసు బోర్డులో పెడితే అడిగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ నిశ్చింత.

గది తెరిచాక ఏటా అయ్యే ఖర్చును మరవకూడదు. కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులకు 20 లక్షల దాకా సాయం ప్రకటించినప్పుడు అందులో 10 లక్షలు ఏర్పాటుకు, 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు కేటాయించింది. అంటే పెట్టడానికి ఎంతో నడపడానికీ అంతే. రసాయనాలు, పగిలే గాజు సామాను, బల్బులు, సహాయకుడి జీతం ఎక్కడి నుంచి వస్తాయో మొదటి రోజే రాసుకోని ల్యాబ్‌కు తాళం ఎప్పుడు పడుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

స్మార్ట్ బోర్డులో వీడియో చూపిస్తే చాలదా అని కొందరంటారు. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ లాంటివి ప్రయోగానికి ముందు చూసుకోవడానికి బాగుంటాయి. కానీ బ్యూరెట్ కుళాయిని చుక్క చుక్కగా వదలడం వేళ్లకు తెలియాలి, తెరకు కాదు.

చివరిగా ఖర్చు లేని పని ఒకటి. ల్యాబ్‌లో ప్రతి వస్తువుకూ మూడు భాషల చీటీ అతికించండి. తెలుగులో, రాష్ట్ర భాషలో, ఇంగ్లీషులో. 1968లో మొదలైన తెలుగు అకాడమీ సైన్సు మాటలు ఎన్నో మనకు తయారుచేసి పెట్టింది. సూక్ష్మదర్శిని, పరీక్షనాళిక, గాఢత అన్న మాటలు పాఠంలో చదివిన పిల్లవాడు రేపు కాలేజీలో ఇంగ్లీషు పేరు విని బిత్తరపోకుండా ఉండాలంటే ఆ మాటలు కలుసుకునే చోటు ల్యాబే.

వచ్చే కమిటీ సమావేశంలో తల్లిదండ్రులు మూడే ప్రశ్నలు అడగండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి? కరెంటు, గాలి పని ఎవరు సరిచూశారు? మూడో ఏడు రసాయనాలకు డబ్బు ఎవరిస్తారు? మూడింటికీ కాగితం మీద జవాబు దొరికితే మీ చందా నిశ్చింతగా ఇవ్వండి. దొరకకపోతే, జవాబు వచ్చేదాకా మైక్రోస్కోపులు కొట్టులోనే ఉండనివ్వండి.